న్యూయార్క్ ప్రైమరీలో ఐదు ప్రాధాన్యాల ఓటు: పేరు నమోదు నుంచి చివరి రౌండ్ దాకా

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు ఈ పద్ధతి సగం తెలిసిందే. బాగా నచ్చిన అభ్యర్థికి 1, తర్వాతి వాళ్లకు 2, 3 వేస్తాం. తొలి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ గట్టెక్కకపోతే అడుగున ఉన్నవాళ్లను ఎలిమినేట్ చేస్తూ వాళ్ల ఓట్లను మిగతావాళ్లకు కలుపుతారు. న్యూయార్క్ నగర ఓటర్లు దాదాపు ఇలాంటి విధానాన్నే 2019 నవంబరులో 73 శాతానికి పైగా మద్దతుతో తెచ్చుకున్నారు. 2021 నుంచి అమల్లో ఉంది. అక్కడ దీన్ని ర్యాంక్డ్ చాయిస్ ఓటింగ్ అంటారు.

చిక్కంతా ఆ తెలిసిన సగంతోనే వస్తుంది. మన దగ్గర ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అంకె రాయకపోతే ఓటు చెల్లదు. న్యూయార్క్‌లో అంకె రాస్తే యంత్రం దాన్ని చదవదు, గుండ్రని గడి నింపాలి. మన దగ్గర 1 వేయకుండా 2 వేస్తే బ్యాలెట్ పక్కన పడేస్తారు. అక్కడ మొదటి గడి ఖాళీగా ఉన్నా రెండోది లెక్కలోకి వస్తుంది. మన దగ్గర ఎందరు నిలబడితే అందరికీ అంకెలు వేయొచ్చు, అక్కడ ఐదుగురికి మించి కుదరదు. అమెరికా పౌరసత్వం తీసుకుని న్యూయార్క్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు, ముఖ్యంగా కొత్తగా ఓటు హక్కు వచ్చిన తల్లిదండ్రులు, మొదట ఈ తేడాలు చూసుకోవాలి.

ఎక్కడ ఐదు, ఎక్కడ ఒకటే

ఐదు ప్రాధాన్యాలు ఐదు రకాల పదవులకే: మేయర్, పబ్లిక్ అడ్వొకేట్ (నగర ప్రభుత్వం మీద ప్రజల ఫిర్యాదులు చూసే పదవి), కంప్ట్రోలర్ (నగర ఖాతాలు చూసే పదవి), బరో ప్రెసిడెంట్ (నగరంలోని ఒక్కో పెద్ద విభాగానికి అధ్యక్షుడు), సిటీ కౌన్సిల్ సభ్యుడు. అదీ పార్టీ ప్రైమరీల్లో, అంటే నవంబరు ఎన్నికకు పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే పోలింగ్‌లో, మధ్యలో ఖాళీ అయిన సీటుకు జరిగే ప్రత్యేక ఎన్నికల్లో మాత్రమే. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో మేయర్‌కైనా ఒక్క గడే నింపాలి. జిల్లా అటార్నీ, జడ్జీలు, రాష్ట్ర శాసనసభ, గవర్నరు, కాంగ్రెస్, అధ్యక్షుడు – వీటికి ఎప్పుడైనా ఒక్కటే.

ప్రైమరీ రోజు ఈ రెండు రకాలూ ఒకే కాగితం మీద ఉండొచ్చు. 2021, 2025 ప్రైమరీల్లో మాన్‌హాటన్ ఓటర్లకు మేయర్ గడులు ఐదు వరుసల్లో కనిపించాయి, జిల్లా అటార్నీకి ఒక్క వరుసే ఉంది. ఒకచోట ఐదు నింపిన ఊపులో రెండోచోట కూడా ఇద్దరికి నింపితే ఆ పదవికి ఓటు పోయినట్టే. ప్రతి పదవి శీర్షిక కింద సూచన ఉంటుంది, గడి నింపే ముందు అది చదవండి. కాగితం వెనక్కి తిప్పి కూడా చూడండి.

ముందు పౌరసత్వం, తర్వాత పార్టీ

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నగర ఎన్నికల్లో ఓటు లేదు. పౌరులు కానివారికీ స్థానిక ఓటు ఇస్తూ నగర కౌన్సిల్ చేసిన చట్టాన్ని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2025 మార్చిలో కొట్టేసింది. ఆ చట్టం వచ్చినప్పటి వార్తలు, వాట్సాప్ సందేశాలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి, నమ్మొద్దు. పౌరసత్వం రాకముందే ఓటరుగా నమోదైతే ఓటు వేయకపోయినా తర్వాత పౌరసత్వ దరఖాస్తుకు పెద్ద అడ్డంకి అవుతుంది. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో ఇచ్చే ఫారంలోనూ ఓటరు నమోదు ప్రశ్న ఉంటుంది. తొందరలో టిక్కు పెట్టేయకండి.

పౌరులైతే తర్వాతి ప్రశ్న పార్టీ. న్యూయార్క్ ప్రైమరీలు ఆయా పార్టీల్లో నమోదైన ఓటర్లకే. ఫారంలో ఏ పార్టీ లేదని రాస్తే నవంబరు దాకా ఆగాల్సిందే, ఐదు ప్రాధాన్యాల బ్యాలెట్ చేతికి రాదు. ప్రత్యేక ఎన్నికలకు మాత్రం ఈ షరతు లేదు. వాటిలో పార్టీ గుర్తింపు లేకుండా పోటీ చేస్తారు, ఆ ప్రాంతంలో నమోదైన ఎవరైనా ఓటేయొచ్చు.

తేదీలు జాగ్రత్తగా చూసుకోండి. ఇప్పటికే ఓటరుగా ఉండి పార్టీ మార్చుకోవాలన్నా, పార్టీ లేని స్థితి నుంచి పార్టీలోకి రావాలన్నా, ఆ ఏడాది జూన్ ప్రైమరీకి పనికి రావాలంటే ఫిబ్రవరి 14లోగా దరఖాస్తు అందాలి. ఫిబ్రవరి 15న పంపితే అది ప్రైమరీ అయ్యాకే అమల్లోకి వస్తుంది. కొత్తగా నమోదయ్యేవాళ్లకు ఈ గడువు వర్తించదు. ఎన్నికకు 10 రోజుల ముందు వరకూ పేరు నమోదు చేసుకుంటూ అప్పుడే పార్టీనీ ఎంచుకోవచ్చు. ఏప్రిల్లోనో మేలోనో పౌరసత్వ ప్రమాణం చేసినవాళ్లకు ఇది కలిసొస్తుంది.

పేరు, సంతకం విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియలా పూర్తి పేరా అన్నది ఒక్కో పత్రంలో ఒక్కోలా ఉంటుంది. పౌరసత్వ పత్రంలో ఉన్నట్టే నమోదు చేయించండి. సంతకం తెలుగులో చేసే అలవాటుంటే నమోదు ఫారంలోనూ తెలుగులోనే చేయండి, పోస్టల్ కవరు మీదా అదే చేయండి. రెండూ పోల్చి చూస్తారు కాబట్టి ఒకచోట తెలుగు, ఒకచోట ఇంగ్లిషు ఉంటే ప్రశ్న లేస్తుంది.

బూత్‌కి వెళ్లే ముందే క్రమం తేల్చుకోండి

2021 డెమోక్రటిక్ ప్రైమరీలో మేయర్ పదవికి బ్యాలెట్ మీద 13 మంది, 2025లో 11 మంది ఉన్నారు. దానికి తోడు కంప్ట్రోలర్, కౌన్సిల్, బరో ప్రెసిడెంట్. ఇన్ని పేర్లను బూత్‌లో నిలబడి అప్పటికప్పుడు వరుసలో పెట్టడం ఎవరివల్లా కాదు. ఎన్నికల బోర్డు పోలింగ్ కేంద్రం వెతికే పేజీలో మీ చిరునామా కొడితే మీ నమూనా బ్యాలెట్ కనిపిస్తుంది. దాన్ని ప్రింటు తీసి పెన్సిలుతో వరుస వేసుకోండి. ఆ కాగితాన్ని బూత్‌లోకి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదు.

వరుస ఎలా వేయాలి? మొదటి గడిలో నిజంగా ఎవరు గెలవాలనుకుంటున్నారో వాళ్లనే పెట్టండి. గెలిచే అవకాశం లేని మనిషైనా సరే. పాత పద్ధతిలో అలాంటివాళ్లకు ఓటేస్తే వృథా అయ్యేది, ఇక్కడ కాదు. వాళ్లు తప్పుకున్న వెంటనే మీ ఓటు రెండో పేరుకు వెళ్తుంది.

రెండో పేరు రాస్తే మొదటివాళ్లకు నష్టమేమో అన్న అనుమానం చాలామందిని పట్టుకుంటుంది. నష్టం లేదు. మీ మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతవరకూ రెండో పేరును ఎవరూ చూడనే చూడరు. ఐదో గడిలోని పేరు కూడా అంతే, పై నలుగురూ తప్పుకున్నాకే దాని వంతు వస్తుంది. తనకొక్కరికే వేసి మిగతావి ఖాళీగా వదిలేయమని ఏ అభ్యర్థి మనుషులైనా చెబితే అందులో మీకు కలిగే లాభం ఏమీ లేదు.

ఐదు గడుల్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది చివరి రెండింటిలోనే. మూడు పేర్లు దాటాక జనం అలసిపోయి వదిలేస్తారు, లేదా తెలిసిన పేరేదో ఒకటి నింపేస్తారు. అసలు పని అక్కడే ఉంది. పోలింగ్ దగ్గరపడే సమయానికి చివరిదాకా నిలిచే ఇద్దరు ముగ్గురు ఎవరో సర్వేల వల్లా వార్తల వల్లా అందరికీ తెలుస్తుంది. వాళ్లలో ఒకరైనా మీ ఐదు పేర్లలో ఉన్నారా చూడండి. లేకపోతే ఆ ఇద్దరిలో ఎవరు ఫర్వాలేదో తేల్చుకుని, నాలుగో ఐదో గడిలోనైనా పెట్టండి. ఇద్దరూ నచ్చకపోయినా రెండు చెడ్డల్లో ఒకటి ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటుంది. అదీ వద్దనుకుంటే మానేయండి, అది మీ హక్కే. కాకపోతే తెలిసి మానేయడం వేరు, అలసిపోయి మానేయడం వేరు.

ఎవరు అసలు గెలవకూడదని గట్టిగా అనుకుంటున్నారో ఆ పేరును ఏ గడిలోనూ పెట్టకండి. ఐదో గడి అంటే వ్యతిరేక ఓటు కాదు, అది కూడా ఓటే. చివరి స్థానం ఇస్తే వాళ్లకు దెబ్బ తగులుతుందని కొందరు అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది: పై నలుగురూ ఓడిపోతే మీ ఓటు నేరుగా ఆ మనిషి ఖాతాలో పడుతుంది.

అభ్యర్థుల మధ్య పొత్తులు కూడా గమనించండి. 2025లో మేయర్ అభ్యర్థులు జోహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ లాండర్ ఒకరి పేరును ఒకరు రెండో ప్రాధాన్యంగా వేయమని తమ ఓటర్లకు చెప్పారు. 2021లో ఆండ్రూ యాంగ్ తన మద్దతుదారులను కేథరిన్ గార్సియాకు రెండో ఓటు వేయమన్నారు. గార్సియా తిరిగి అలా చెప్పలేదు. కరపత్రంలో ఎవరి పేరు పక్కన ఎవరి బొమ్మ ఉందో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. అయితే అది సలహా మాత్రమే. ఓటు పార్టీ నిర్ణయంతోనో నాయకుడి మాటతోనో దానంతట అది బదిలీ కాదు, మీరు నింపిన గడుల ప్రకారమే వెళ్తుంది.

బూత్‌లో

ప్రైమరీ రోజు పోలింగ్ ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా. దానికి ముందు తొమ్మిది రోజుల ముందస్తు పోలింగ్ ఉంటుంది, ఎన్నిక రోజుకు రెండు రోజుల ముందు ఆదివారంతో అది ముగుస్తుంది. ముందస్తు పోలింగ్ కేంద్రం, అసలు రోజు కేంద్రం ఒకటే కాకపోవచ్చు. పోయినసారి వేశాం కదా అని అక్కడికే వెళ్లకుండా బోర్డు పేజీలో చూసుకుని బయల్దేరండి. ఉద్యోగ సమయం అడ్డొస్తే, పోలింగ్ వేళల్లో డ్యూటీకి ముందో తర్వాతో వరుసగా నాలుగు గంటలు ఖాళీ లేనివాళ్లు రెండు గంటల వరకూ జీతంతో సెలవు అడగొచ్చు. కనీసం రెండు పని దినాల ముందు చెప్పాలి.

లోపల పేరు, చిరునామా చెబితే ట్యాబ్లెట్ మీద సంతకం చేయిస్తారు. చాలామందికి గుర్తింపు కార్డు అక్కర్లేదు. పోస్టులో నమోదై అప్పుడు ఏ గుర్తింపూ ఇవ్వని కొత్త ఓటర్లను మాత్రం తొలిసారి అడగొచ్చు. జేబులో ఉంచుకోవడంలో నష్టం లేదు. జాబితాలో పేరు లేదంటే తిరిగి వచ్చేయకండి, అఫిడవిట్ బ్యాలెట్ ఇమ్మని అడగండి. అర్హత తర్వాత తేలుస్తారు, ఉందని తేలితే ఓటు లెక్కిస్తారు.

బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి, ప్రాధాన్యాలు పైన మొదటిది నుంచి ఐదోది వరకూ నిలువు వరుసల్లో ఉంటాయి. పేరు, ప్రాధాన్యం కలిసే చోట గుండ్రని గడి. మొదటి నిలువు వరుసతో మొదలుపెట్టండి: వేలు దాని మీదే ఉంచి మీ మొదటి అభ్యర్థి పేరు దాకా కిందికి దిగి, ఆ గడిని పూర్తిగా నల్లగా నింపండి. తర్వాత రెండో నిలువు వరుస. పేరు వెంట అడ్డంగా వెళ్తూ నింపేవాళ్లకే పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి, ఒకే నిలువు వరుసలో రెండు గడులు నిండిపోతాయి. టిక్కులు, ఇంటూ గుర్తులు, చుట్టూ సున్నాలు వద్దు.

అంతా అయ్యాక రెండు విధాలుగా సరిచూసుకోండి. పై నుంచి కిందికి చూస్తే ఒక్కో నిలువు వరుసలో ఒక్క గడే నిండి ఉండాలి. ఎడమ నుంచి కుడికి చూస్తే ఒక్కో పేరు ఎదురుగా ఒక్క గడే నిండి ఉండాలి. పేరు అచ్చులో లేని మనిషికి వేయాలంటే చివర ఖాళీ వరుసలో పేరు రాసి, కావలసిన ప్రాధాన్యం కింద గడి కూడా నింపాలి.

తప్పు జరిగితే కొట్టేయడం, దిద్దడం చేయొద్దు. సిబ్బందికి ఇచ్చేసి కొత్తది అడగండి. పాడైనవాటితో కలిపి మొత్తం మూడు బ్యాలెట్ల వరకూ ఇస్తారు. మొహమాటపడి దిద్దిన కాగితాన్నే స్కానర్‌లో పెట్టకండి. ఒకే ప్రాధాన్యం ఇద్దరికి ఇచ్చి ఉంటే స్కానర్ తెర మీద హెచ్చరిక వస్తుంది. అప్పుడు వెనక్కి ఇవ్వమనే బటన్ నొక్కండి, వెనకాల లైను ఎంత ఉన్నా సరే.

ఇంకొక మాట. నింపిన బ్యాలెట్‌తో సెల్ఫీ దిగి గ్రూపులో పెట్టడం న్యూయార్క్ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. 'నేను ఓటేశాను' స్టిక్కర్ ఇస్తారు, ఫొటోకి అది చాలు.

ఏ తప్పుకి ఎంత నష్టం

అన్ని తప్పులూ ఒకలాంటివి కావు. ఒక ప్రాధాన్యం ఖాళీగా వదిలేసి తర్వాతిది నింపితే ఏమీ కాదు, తర్వాతిదే ముందుకు జరుగుతుంది. ఒకే మనిషికి ఐదు గడులూ నింపితే ఓటు చెల్లుతుంది కానీ ఒక్క ఓటే. ఆ మనిషి తప్పుకుంటే మీ బ్యాలెట్ అక్కడే ఆగిపోతుంది. పైగా మిగతా నాలుగు గడులూ మీరే వృథా చేసుకున్నట్టు.

పెద్ద తప్పు ఒకే ప్రాధాన్యం ఇద్దరికి ఇవ్వడం. యంత్రానికి ఎవరికి వేయాలో తెలియదు, అందుకని ఆ ప్రాధాన్యం దగ్గరే బ్యాలెట్‌ను ఆపేస్తుంది. అంతకు ముందు ప్రాధాన్యాలు మాత్రం లెక్కలో ఉంటాయి. మూడో వరుసలో ఇద్దరికి నింపితే 1, 2 చెల్లుతాయి, 3 నుంచి పోతాయి. మొదటి వరుసలోనే చేస్తే ఆ పదవికి మొత్తం ఓటు పోయినట్టే.

పోస్టులో వేసేవాళ్లకు

కారణం చెప్పకుండానే పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకోవచ్చు. ఎన్నికకు 10 రోజుల ముందు లోపు దరఖాస్తు చేయాలి. గడులు నింపే పద్ధతి అదే. కానీ హెచ్చరించే స్కానర్ ఇంట్లో ఉండదు. అందుకే పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి సరిచూసుకోవడం ఇక్కడ రెట్టింపు ముఖ్యం.

బ్యాలెట్‌ను లోపలి కవరులో పెట్టి అంటించి, దాని మీద సంతకం, తేదీ వేసి, బయటి కవరులో పెట్టాలి. ఎక్కువమంది మరిచిపోయేది లోపలి కవరు మీద సంతకం. ఎన్నిక రోజు లేదా అంతకుముందు తపాలా ముద్ర పడాలి, ఏడు రోజుల్లోగా బోర్డుకు చేరాలి. నమ్మకం లేకపోతే ముందస్తు కేంద్రంలోనో, ఎన్నిక రోజు రాత్రి 9 లోగా పోలింగ్ కేంద్రంలోనో ఇచ్చేయొచ్చు. సంతకం లేకపోవడం వంటి లోపాలుంటే బోర్డు కబురు పెట్టి దిద్దుకునే గడువు ఇస్తుంది. ఆ ఉత్తరాన్ని ప్రకటనల కాగితాలతో కలిపి పారేయకండి. పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకున్నాక మనసు మారి బూత్‌కు వెళ్తే యంత్రంలో వేయనివ్వరు, అఫిడవిట్ బ్యాలెట్ మీద వేయాలి.

అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే

క్వీన్స్ బరోలో బ్యాలెట్ ఇంగ్లిషుతో పాటు స్పానిష్, చైనీస్, కొరియన్, బెంగాలీ భాషల్లో దొరుకుతుంది. తెలుగు లేదు. కానీ ఇంగ్లిషు చదవలేనివారు, చూపు లేనివారు, వైకల్యం ఉన్నవారు తమకు నచ్చిన మనిషిని బూత్‌లోకి తోడు తెచ్చుకోవచ్చు. ఇది జాతీయ ఓటు హక్కుల చట్టం 208వ సెక్షన్ ఇచ్చిన హక్కు. తోడు వచ్చేది కొడుకో కూతురో పక్కింటివాళ్లో ఎవరైనా కావొచ్చు. ఓటరు పనిచేసే చోటి యజమాని, యజమాని తరఫు మనిషి, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. సిబ్బంది సందేహిస్తే ఆ సెక్షన్ పేరు చెప్పండి, వాదన పెట్టుకోకండి, పర్యవేక్షకుడిని పిలవమనండి.

అమ్మకు ఇంట్లోనే నమూనా బ్యాలెట్ మీద ఐదు పేర్లూ వరుస వేయించండి. "ఎవరికి వెయ్యమంటావురా?" అని అడిగితే ఎవరు ఏం చేస్తామంటున్నారో చెప్పి, వరుస ఆవిడనే తేల్చుకోనివ్వండి. సాయం అంటే చదివి వినిపించడం, ఆవిడ చెప్పిన గడి నింపడం.

లెక్క ఎలా సాగుతుంది

ప్రైమరీ రాత్రి తెలిసేది మొదటి ప్రాధాన్యాలు మాత్రమే. ఎవరికైనా 50 శాతం దాటితే అక్కడితో అయిపోతుంది. లేకపోతే ఎలిమినేషన్ రౌండ్ల ఫలితం దాదాపు వారం తర్వాత ప్రకటిస్తారు. ఆలస్యానికి కారణం పోస్టల్ బ్యాలెట్లు. ఎవరు ముందు తప్పుకోవాలన్నది వాటి మీద ఆధారపడి ఉండొచ్చు కాబట్టి అవి రాకుండా రౌండ్లు నడిపితే తలకిందులయ్యే ప్రమాదం ఉంది. 2021లో తొలి రౌండ్ల ఫలితం ప్రకటించినప్పుడు పరీక్ష కోసం వేసిన 1,35,000 నకిలీ బ్యాలెట్లను తీసేయడం మరిచిపోయి బోర్డు పరువు పోగొట్టుకుంది. కొన్ని గంటల్లోనే ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకుంది. తప్పు మనుషులది, పద్ధతిది కాదు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది పద్ధతినే.

అదే ఎన్నిక చివరి లెక్క చూస్తే అంతా బోధపడుతుంది. మొదటి ప్రాధాన్యాల్లో ఎరిక్ ఆడమ్స్‌కు 30.7 శాతం, మాయా వైలీకి 21.4 శాతం, గార్సియాకు 19.6 శాతం వచ్చాయి. అడుగునున్నవాళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటూ పోయారు. యాంగ్ తప్పుకునేదాకా వైలీ రెండో స్థానంలోనే ఉన్నారు. యాంగ్ ఓట్లు పంచగానే గార్సియా 2,66,932, వైలీ 2,54,728 అయ్యాయి. 12,204 ఓట్ల తేడాతో వైలీ తప్పుకున్నారు. రెండో ప్రాధాన్యం చేసే పని ఇదే.

ఇప్పుడు వైలీ దగ్గరున్న 2,54,728 బ్యాలెట్లు ఎటు వెళ్లాయి? గార్సియాకు 1,30,384, ఆడమ్స్‌కు 49,856. మిగిలిన 74,488 బ్యాలెట్ల మీద ఇద్దరిలో ఎవరి పేరూ లేదు, అవి ఆగిపోయాయి. చివరికి ఆడమ్స్ 4,04,513, గార్సియా 3,97,316. తేడా 7,197 ఓట్లు. అంతకు పది రెట్ల బ్యాలెట్లు ఆ ఒక్క మెట్టు మీదే నోరు మెదపకుండా ఉండిపోయాయి. మొత్తం మీద ఆగిపోయినవి 1,40,202, అంటే మేయర్ పదవికి లెక్కించిన బ్యాలెట్లలో దాదాపు 15 శాతం. చివరి రెండు గడుల గురించి ఇంత చెప్పడానికి కారణం ఈ అంకెలే.

ఒక బ్యాలెట్ ప్రయాణం చూద్దాం. 1 స్ట్రింగర్ (అదే పోటీలో మరో అభ్యర్థి), 2 వైలీ, 3 యాంగ్, 4 ఖాళీ, 5 గార్సియా అనుకోండి. స్ట్రింగర్ ముందే తప్పుకున్నారు, ఓటు వైలీకి వెళ్లింది. తర్వాత యాంగ్ తప్పుకున్నారు, ఓటు వైలీ దగ్గరే ఉంది కాబట్టి కదల్లేదు. వైలీ తప్పుకున్నాక మూడో పేరు యాంగ్ అప్పటికే లేరు, నాలుగో గడి ఖాళీ, కాబట్టి ఓటు ఐదో గడిలోని గార్సియాకు చేరింది. ఆఖరి రౌండులో ఆడమ్స్, గార్సియాల మధ్య తేల్చిన 8,01,829 బ్యాలెట్లలో ఇలాంటిదీ ఒకటి ఉంటుంది. మెజారిటీ అంటే కూడా ఈ మిగిలినవాటిలో సగం పైన అనే. ఆడమ్స్ 50.4 శాతం ఈ లెక్కలోదే.

ఒక్కోసారి ఇంత ఉత్కంఠ ఉండదు. 2025లో మమ్దానీకి మొదటి ప్రాధాన్యాల్లోనే 43.8 శాతం, ఆండ్రూ కువోమోకు 36.1 శాతం. లెక్కప్రకారం గెలిచే దారి లేనివాళ్లను ఒకేసారి తీసేయడంతో మూడో రౌండుకే 56.4, 43.6తో ముగిసింది.

ఈ పద్ధతిలో లొసుగు లేదనుకోవద్దు. 2009లో వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్ నగర మేయర్ ఎన్నికలో ముఖాముఖి పోటీలో ఎవరినైనా ఓడించగల అభ్యర్థి మొదటి ప్రాధాన్యాలు తక్కువై మూడో స్థానంలో తప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ నగరం పద్ధతినే రద్దు చేసుకుంది, పదేళ్లు దాటాక మళ్లీ తెచ్చుకుంది. యంత్రం అమరిక తప్పినా చిక్కే. 2022లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ స్కూల్ బోర్డు నాలుగో డిస్ట్రిక్ట్‌లో మొదటి గడి ఖాళీగా ఉన్న బ్యాలెట్లను యంత్రం సరిగా లెక్కించలేదు. గెలిచినట్టు ప్రకటించిన మనిషి కాకుండా మైక్ హచిన్సన్ గెలిచారని తర్వాత తేలింది, కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. నియమం ప్రకారం మొదటి గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, అయినా ఖాళీగా వదలకపోవడమే మంచిది.

వేరే ఊళ్లో ఉంటే

పైన చెప్పిన అంకెలు న్యూయార్క్‌వి. ఊరు మారితే నియమాలూ మారతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పది మంది వరకూ ర్యాంకు ఇవ్వొచ్చు, అదీ పార్టీ ప్రైమరీలో కాదు, నవంబరు ఎన్నికలోనే. మినియాపొలిస్‌లో మూడు గడులే. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ 2024 నుంచి ఆరు ర్యాంకులు ఇస్తోంది. అక్కడ కౌన్సిల్‌కు ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి ముగ్గురు గెలుస్తారు, కోటా, అంటే గెలవడానికి కావలసిన ఓట్లు, మొత్తంలో నాలుగో వంతు పైన ఒక ఓటు. మన రాజ్యసభ ఎన్నికల లెక్క తెలిసినవాళ్లకు అది వెంటనే అర్థమవుతుంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ 1941 నుంచీ అలాంటి పద్ధతిలోనే నడుస్తోంది. న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీల్లో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ర్యాంకులు లేవు, జెర్సీ సిటీలో ఎవరికీ మెజారిటీ రాకపోతే మళ్లీ పోలింగ్ పెడతారు. సియాటిల్ ఓటర్లు 2022లో ర్యాంకుల పద్ధతిని ఆమోదించారు, 2027 నగర ప్రైమరీలతో మొదలుకావాలి. అక్కడ ప్రైమరీలో ఒకరు కాదు, ఇద్దరు మిగిలి నవంబరుకు వెళ్తారు.